వస్తాడేమో

మొన్న ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని పాత వాట్సాప్ గ్రూపులు తుడిచేస్తూ కూర్చున్నాను. డాలస్ స్నేహితులం కలిసి పెట్టుకున్న ‘సండే బ్యాచ్’ అనే గ్రూపు ఒకటుంది. అందులో 2024 నవంబరు 3 దగ్గర వేలు ఆగిపోయింది. అట్లాంటాలో మా డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు వేసి ఆట నడిపేవాడు, డాక్ ప్రెస్కాట్ తొడ వెనక చెయ్యి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయిన రోజది. వరసగా పదిహేను మెసేజ్‌లున్నాయి. అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: “ఎన్ని వారాలు?”

అందులో ఒకటి నాదే.

మొదట కనీసం నాలుగు మ్యాచ్‌లన్నారు. పది రోజులు తిరిగేసరికి సర్జరీ అన్నారు, హామ్‌స్ట్రింగ్ అనే తొడ వెనక కండరం ఎముక నుంచి ఊడొచ్చిందట. సీజన్ అంతటితో సరి. అంతకు రెండు నెలల ముందే నాలుగేళ్ళకు 240 మిలియన్ డాలర్లు రాసిచ్చిన మనిషి, అంటే అప్పటికి లీగ్‌లో అందరికంటే ఖరీదైన క్వార్టర్‌బ్యాక్, మిగతా సీజనంతా పక్కన నిలబడి చూశాడు. ఆ పది రోజులూ మేం గ్రూపులో చేసిన పని క్యాలెండర్ లెక్కపెట్టుకోవడం. థ్యాంక్స్‌గివింగ్‌కి వస్తాడా, డిసెంబరు రెండో వారానికైనా వస్తాడా, అప్పటిదాకా బ్యాకప్ కూపర్ రష్ రెండు మ్యాచ్‌లు నెట్టుకొస్తే చాలదా.

ఈ ‘అప్పటిదాకా నెట్టుకొస్తే చాలు’ అన్న మాట మీదే నా గొడవంతా. అసలు ఆటగాడు తిరిగొస్తాడో రాడో తెలియనప్పుడు, వస్తాడేమో అనుకుని వేసే ప్లాన్ కంటే ఇక రాడు అనుకుని వేసే ప్లానే ఎప్పుడూ మేలని నాకు అనిపిస్తోంది. వినడానికి కఠినంగానే ఉంటుంది. నాకూ ఈ అభిప్రాయం ఒక్కరోజులో రాలేదు. కౌబాయ్స్‌తో నాకున్న పదేళ్ళ సంసారంలోంచి మెల్లగా వచ్చింది.

స్పేర్ బస్సు

2015లో మేం అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అప్పట్లో కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసేది అక్కడే, ఫ్రిస్కోకి మారింది ఆ మరుసటి ఏడు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే ఆ గోడ పక్క నుంచే వెళ్ళేవాళ్ళం. ఆట పూర్తిగా అర్థం కాకముందే టీమ్ మాది అయిపోయింది. మన దగ్గర ఊళ్ళో సినిమా హాలు ఎవరిదో ఆ హీరోకి అభిమానులమైపోయినట్టు.

ఆ సెప్టెంబరులో మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచారు. రెండోది ఫిలడెల్ఫియాలో. అందులోనే అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ఎడమ కాలర్‌బోన్ విరిగింది. నవంబరుకి వస్తాడన్నారు. ఎప్పుడొస్తాడో చెప్పడమే మా కొంప ముంచిందని నా అనుమానం. బ్యాకప్ బ్రాండన్ వీడెన్‌కి మూడు మ్యాచ్‌లిచ్చారు, మూడూ పోయాయి. అతను పాస్ వేసిన తీరు చూస్తే, ‘ఏం చేసినా చెయ్యకపోయినా ఫరవాలేదు, తప్పు మాత్రం చెయ్యకు’ అని ఎవరో చెప్పి పంపినట్టుండేది. బంతి అయిదు గజాలు దాటేది కాదు. తర్వాత మ్యాట్ క్యాసెల్‌ని దించారు. అతనూ నాలుగు ఓడాడు. రోమో లేని ఏడు మ్యాచ్‌లకి ఏడూ ఓటమే.

నవంబరు 22న రోమో తిరిగొచ్చాడు. మయామీలో గెలిచాం. మరో నాలుగు రోజులకి థ్యాంక్స్‌గివింగ్, అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడని కరోలినాతో. ఆ మధ్యాహ్నం ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నాం. టర్కీ లేదు, హైదరాబాదీ దమ్ బిర్యానీ ఉంది. టీవీ ముందు మేం ఆరుగురం, సోఫా చివర వాళ్ళ నాన్నగారు. ఆయన ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఈ ఆటంటే ‘కొట్టుకోవడానికి మధ్యలో బంతెందుకయ్యా’ అనేవారు. మూడు ఇంటర్సెప్షన్లయ్యాక, అంటే మూడు పాసులు అవతలివాళ్ళు పట్టుకున్నాక, మూడో క్వార్టర్‌లో రోమో కింద పడ్డాడు. అదే భుజం. గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెరుగు పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని ఒకడు అలాగే నిలబడిపోయాడు.

“స్పేర్ లేడా?” అన్నారాయన.

“ఉన్నాడంకుల్, కానీ అంత బాగా ఆడడు.”

“మరి రోజూ ఆడిస్తున్నారా అతన్ని?”

ప్రాక్టీస్‌లో అసలు టీమ్‌తో ఆడేది దాదాపుగా స్టార్టరే అనీ, బ్యాకప్ అయినవాడు ఆ వారం రాబోయే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లా నటించి మన డిఫెన్స్‌కి ప్రాక్టీస్ ఇస్తాడనీ చెప్పాను. ఆయన ప్లేటు కింద పెట్టారు.

“స్పేర్ బస్సుని షెడ్లో పెట్టి తాళం వేస్తే అది స్పేర్ కాదయ్యా, తుక్కు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యాలి, వారానికోసారైనా రూటు మీదికి పంపాలి. లేకపోతే సరిగ్గా కావలసిన రోజునే బ్యాటరీ డౌన్ అవుతుంది.”

ఆ రోజుకి నవ్వేశాం. ఆ సీజన్ 4-12తో, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములతో ముగిసింది. రోమో మొదలుపెట్టిన నాలుగింటిలో మూడు గెలిచారు, మిగతా పన్నెండింటిలో ఒకటి.

దీనికి ఒక కొసరు ఉంది. మేం వదిలేసిన ఆ వీడెన్‌నే హ్యూస్టన్ వాళ్ళు తీసుకున్నారు. అదే డిసెంబరులో ఇండియనాపొలిస్‌లో మధ్యలో దిగి మ్యాచ్ గెలిపించాడు, ఆ ఊళ్ళో హ్యూస్టన్‌కి అదే మొట్టమొదటి గెలుపు. తర్వాత టెనెసీ మీదా గెలిచాడు. హ్యూస్టన్ డిఫెన్స్ మనదానికంటే చాలా మేలు, కాదనను. కానీ సెప్టెంబరులో పనికిరానివాడు డిసెంబరుకి ఎలా పనికొచ్చాడన్నది నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంది.

మూడో పేరు

నా వాదనకి బలమైన సాక్ష్యం 2016 అని అందరూ అనుకుంటారు. నేనూ చాన్నాళ్ళు అలాగే చెప్పుకుని తిరిగాను. రోమో పడ్డాడు, కుర్రాడు డాక్ వచ్చాడు, పదమూడు గెలిచారు, కథ కంచికి. వివరాల్లోకి వెళ్ళేకొద్దీ ఆ కథ నా చేతుల్లోంచి జారిపోతోంది.

ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే చోట, కౌబాయ్స్‌కి కావలసింది డాక్ కాదు. మొదట పాక్స్‌టన్ లించ్ కోసం పైకి జరగాలని చూశారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. తర్వాత కానర్ కుక్ మీద కన్నేశారు. మన వంతు 101. ఓక్లండ్ వాళ్ళు బేరమాడి 100వ చోటుకి వచ్చి అతన్ని పట్టుకెళ్ళారు. అప్పుడు నాలుగో రౌండ్‌లో, 135వ పేరుగా, డాక్ ప్రెస్కాట్. ఆగస్టులో ట్రైనింగ్ క్యాంపులో బ్యాకప్ కెలెన్ మూర్ కాలు విరిగింది. అప్పుడైనా డాక్‌ని నమ్మారా అంటే, పాతకాపు జాష్ మెకౌన్ కోసం క్లీవ్‌లండ్‌తో మాట్లాడారు. బేరం కుదరలేదు. ఆగస్టు 25న సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్‌లో మూడో ప్లేకే రోమో వెన్నెముకలో ఎముక చిట్లింది. ఇక మిగిలింది ఒక్కడే.

అంటే ఎవరూ ఏ దూరదృష్టితోనూ అతన్ని ఎంచుకోలేదు. తలుపులన్నీ మూసుకుపోతే మిగిలిన కిటికీలోంచి దూకారు.

అయినా 2016లో ఒకటి జరిగింది, 2015లో జరగనిది. మూర్ కాలు విరగడంతో రెండో వరస ప్రాక్టీసంతా డాక్‌కే వచ్చింది. రోమో వయసు, నడుము దృష్ట్యా అతనికి విశ్రాంతినిచ్చిన రోజుల్లో మొదటి వరసతోనూ ఆడాడు. ప్రీసీజన్ మొదటి మ్యాచ్‌లో లాస్ ఏంజెలిస్‌లో 12 పాసులకి 10 అందాయి. అంకుల్ భాషలో చెప్పాలంటే, యాదృచ్ఛికంగానే అయినా, ఆ బస్సు నెల రోజులుగా రూటు మీదే ఉంది. రోమో పడ్డాక కోచ్‌లు ఆటనే మార్చారు. బంతి పట్టుకుని పరిగెత్తే ఎజికియల్ ఎలియట్‌కి బంతి ఎక్కువ, డాక్ కాళ్ళకి పని, ముందు నిలబడి కాచే లైన్ చూసుకుంటుంది మిగతాది. రోమో ఆటని డాక్ చేత అనుకరింపజేయలేదు. కెరీర్‌లో మొదటి 176 పాసుల్లో ఒక్క ఇంటర్సెప్షన్ లేదు. మొదటి మ్యాచ్ జెయింట్స్‌తో ఒక్క పాయింటు తేడాతో పోయింది, తర్వాత వరసగా పదకొండు గెలిచారు.

వీడెన్‌కీ డాక్‌కీ తేడా ప్రతిభ ఒక్కటే అంటే సగం మాత్రమే ఒప్పుకుంటాను. 2015లో పాసులు అందుకునే రిసీవర్ డెజ్ బ్రయంట్ పాదం విరిగి అయిదు మ్యాచ్‌లు లేడు, ముందేడాది 1,845 గజాలు పరిగెత్తిన డిమార్కో మర్రే ఫిలడెల్ఫియాకి వెళ్ళిపోయాడు. వీడెన్‌కి ఇచ్చింది సగం ఖాళీ ఇల్లు. పైగా నవంబరుకి ఇల్లు గలాయన వస్తాడు, సామాన్లేవీ కదపకు అని చెప్పి మరీ ఇచ్చారు.

పెద్దవాళ్ళే పనికిరారా?

ఈ ముక్క గ్రూపులో పెడితే ఒక మిత్రుడు వెంటనే నిక్ ఫోల్స్ పేరు తీశాడు. నిజమే. 2017 డిసెంబరులో ఫిలడెల్ఫియా స్టార్టర్ కార్సన్ వెంట్జ్ మోకాలు పోయింది. కుర్రాణ్ణెవర్నీ తేలేదు, అప్పటికే మూడు ఊళ్ళ నీళ్ళు తాగిన ఫోల్స్‌ని దించారు. ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్‌ని 41-33తో ఓడించి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ పట్టుకెళ్ళారు. కౌబాయ్స్ అభిమానిగా ఆ రాత్రి నేను టీవీ కట్టేసి పడుకున్నాను, అది వేరే కథ.

కాని నేను చెప్పేది వయసు గురించి కాదు. వెంట్జ్‌ది లిగమెంట్. ఆ ఏడాది రాడని మర్నాడే తేలిపోయింది. ఎన్ని వారాలు అని అడిగే అవకాశమే ఎవరికీ లేదు. కోచ్‌లు కూర్చుని ఫోల్స్‌కి ఏది బాగా వచ్చో అదే ఆడించారు. ఆశ చచ్చిపోవడం ఫిలడెల్ఫియాకి కలిసొచ్చింది. మరోపక్క 2023లో న్యూయార్క్ జెట్స్‌ని చూడండి. ఆరన్ రాడ్జర్స్ నాలుగే నాలుగు ప్లేలాడి మడమ వెనక ఉండే అకిలీస్ తెగి పడిపోయాడు. అలాంటి దెబ్బకి ఆ సీజన్ మీద నీళ్ళొదులుకోవాలి. కానీ ఆయన త్వరగా కోలుకుంటున్నాడని ప్రతి వారం ఒక వార్త. నవంబరు చివరికి ప్రాక్టీస్‌కి కూడా వచ్చాడు. మ్యాచ్ మాత్రం ఆడలేదు. జెట్స్ 7-10. ఆ మూడు నెలలూ అక్కడ ఆడినవాళ్ళందరూ ఇంకొకరి కుర్చీ చివర కూర్చున్నవాళ్ళే.

పేరున్న పాతవాణ్ణి ఇంటి నుంచి పిలిపించడం కూడా నా లెక్కలో ‘వస్తాడేమో’కి చుట్టమే. 2011లో పేటన్ మానింగ్ మెడ ఆపరేషన్‌తో కూలబడితే, ఇండియనాపొలిస్ వాళ్ళు రిటైరయిన కెర్రీ కాలిన్స్‌ని ఆగస్టులో పిలిచారు. మూడు మ్యాచ్‌లు. ఆ ఏడు 2-14.

మన దగ్గరా ఇదే చూశాం. 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదం జరిగాక టెస్టుల్లో కీపింగ్ గ్లవ్స్ మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్‌కి వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో మొదలుపెట్టాడు, ఆస్ట్రేలియాతో నాలుగు టెస్టులు, వరల్డ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. తర్వాత వెస్టిండీస్‌కి ఇషాన్ కిషన్, సౌతాఫ్రికాలో రాహుల్, మళ్ళీ ఇంగ్లండ్‌తో భరత్. సొంతూరు విశాఖలో ఆడిందే ఇప్పటిదాకా చివరి టెస్టు. మొత్తం ఏడు టెస్టుల్లో ఒక్క యాభై కూడా లేదు, కాబట్టి అన్యాయం జరిగిపోయిందని గుండెలు బాదుకోను. అయితే ప్రతి మ్యాచ్‌లోనూ అతని భుజం మీంచి అందరూ పంత్ కోసమే తొంగిచూశారు. మా అమ్మ కూడా ఫోన్‌లో “పాపం, మనవాడే, కానీ ఆ పంత్ ఎప్పుడొస్తాడట?” అనే అడిగింది.

మీరొచ్చాక చూద్దాం

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట మా టీమ్ లీడ్‌కి గుండె ఆపరేషన్ అయింది. రెండు వారాలన్నారు. మా మేనేజరు ఎవరికీ ఆ కుర్చీ ఇవ్వలేదు, “ఆయన వచ్చేస్తాడుగా” అన్నాడు. రెండు వారాలు మూడు నెలలయ్యాయి. చిన్న సందేహం వచ్చినా మెయిల్ చివర ‘మీరొచ్చాక చూద్దాం’ అని రాసి పడేసేవాళ్ళం. రిలీజ్ మూడుసార్లు వాయిదా పడింది. ఆయన తిరిగొచ్చిన రోజు ఇన్‌బాక్స్‌లో అలాంటివి రెండువందలకు పైగా ఉన్నాయి. గుండె మీద కుట్లు పూర్తిగా మానకుండానే రాత్రి పదింటిదాకా కూర్చున్నాడు. మేం ఆయన్ని గౌరవిస్తున్నామనే అనుకున్నాం. ఆయన భార్య ఒకరోజు కాఫీ ఫ్లాస్కు ఇవ్వడానికి వచ్చి మా అందరి వైపూ చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

అందుకే రోమో నాలుగు రోజుల్లో మళ్ళీ అదే ఎముక విరగ్గొట్టుకోవడం నాకు ఒట్టి దురదృష్టంలా కనిపించదు. ఏడు ఓటములూ మోయడానికి అతని కోసం ఆగి ఉన్నాయి.

రష్ ఉండగా లాన్స్ ఎందుకు?

సరే, 2024కి వద్దాం. డాక్ వెళ్ళిపోయాక ఉన్నవాళ్ళు ఇద్దరు. కూపర్ రష్ తెలిసినవాడు. 2022లో డాక్ చేతి బొటనవేలు విరిగితే అయిదింట నాలుగు గెలిపించాడు. రెండోవాడు ట్రే లాన్స్. 2021 డ్రాఫ్ట్‌లో మూడో పేరు, శాన్‌ఫ్రాన్సిస్కోలో నిలదొక్కుకోలేకపోతే 2023 ఆగస్టులో డ్రాఫ్ట్‌లో మన నాలుగో రౌండ్ వంతు ఇచ్చి తెచ్చుకున్నాం. తెచ్చి షెడ్లో పెట్టాం.

సర్జరీ ఖాయమయ్యేసరికి గెలుపులు మూడు, ఓటములు ఆరు. నా ఓటు అప్పుడూ లాన్స్‌కే, ఇప్పుడూ లాన్స్‌కే. రష్ ఏమిటో తెలుసు, లాన్స్ ఏమిటో తెలియదు. తెలుసుకోవడానికి ఎనిమిది మ్యాచ్‌లున్నాయి, పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కోచ్ మైక్ మెకార్తీ మాత్రం రష్‌నే పట్టుకున్నాడు. అప్పటికే ఆడిన ఒకటీ కలుపుకుని రష్ ఎనిమిదింట నాలుగు గెలిచాడు. వాషింగ్టన్‌ని 34-26తో ఓడించిన రోజు నేనూ అరిచాను. చివరికి 7-10, ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ మ్యాచ్‌లు, లేవు. దేనికీ పనికిరాని ఆఖరి మ్యాచ్‌లో లాన్స్‌కి ఒక్క అవకాశం, 23-19తో ఓటమి. మార్చిలో రష్ బాల్టిమోర్‌కి, ఏప్రిల్‌లో లాన్స్ లాస్ ఏంజెలిస్ ఛార్జర్స్‌కి వెళ్ళిపోయారు. ఇద్దరిలో ఎవరూ మిగల్లేదు, లాన్స్ గురించి మాకు తెలిసిందీ లేదు.

ఇక్కడ మెకార్తీ వైపు నుంచి ఆలోచిస్తే నా నోరు కొంచెం పడిపోతుంది. ఆయన కాంట్రాక్టు ఆ సీజన్‌తోనే ముగిసిపోతోంది. వచ్చే ఏడాది తను ఉంటాడో లేదో తెలియనివాణ్ణి, వచ్చే ఏడాదికి పనికొచ్చే ప్రయోగం చెయ్యమంటే చేస్తాడా? నేనైతే చెయ్యను. డ్రెస్సింగ్ రూమ్‌లో యాభైమంది ఉంటారు, వాళ్ళలో చాలామందికి అదే చివరి ఏడాది కావచ్చు. మీ ఓటములతో మేం ఒక కుర్రాణ్ణి పరీక్షించుకుంటాం అని వాళ్ళ మొహం మీద చెప్పడం సోఫాలో కూర్చున్నంత తేలిక కాదు. పైగా ప్రాక్టీస్‌లో లాన్స్‌ని రోజూ చూసింది వాళ్ళు, నేను కాదు. 2020లో డాక్ చీలమండ విరిగి, ఆ తర్వాత ఆండీ డాల్టన్ కూడా దెబ్బ తిన్నాక బెన్ డినుచ్చి అనే కుర్రాణ్ణి ఫిలడెల్ఫియా మీదికి పంపారు. ఆ రాత్రి ఎంత చీకటిదో చూసినవాళ్ళకి తెలుసు. కొత్తవాడు అన్నంతమాత్రాన డాక్ అయిపోడు.

అయినా ఆ నిర్ణయం కోచ్ ఒక్కడికే వదిలిపెట్టడం దగ్గరే తప్పుందంటాను. గడువు దగ్గరపడ్డవాడి చేతికి భవిష్యత్తు పెట్టకూడదు. పైనున్న ఓనరు జెర్రీ జోన్స్, పేరుకి కూడా జనరల్ మేనేజరు ఆయనే, ఆ మాట చెప్పాల్సింది. 2016 శరదృతువంతా రోమో కోలుకోగానే తిరిగొస్తాడని చెప్పుకొచ్చిందీ ఆయనే. ఆ ముడి విప్పింది చివరికి రోమోనే. నవంబరు 15న ఒక కాగితం తెచ్చుకుని చదివాడు, ఈ చోటు డాక్ సంపాదించుకున్నాడని. అలా చదవగలిగే స్టార్టర్ ప్రతి ఇంట్లోనూ ఉండడు.

ఆ సీజన్ చివరి మ్యాచ్ 2017 జనవరి 1న ఫిలడెల్ఫియాలో. 2015లో రోమో కాలర్‌బోన్ మొదటిసారి విరిగిన గ్రౌండే. ప్లేఆఫ్స్‌లో స్థానం ఖాయమైపోయింది కాబట్టి గెలిచినా ఓడినా ఒకటే. రోమోని ఒక్క డ్రైవ్‌కి, అంటే బంతి మన చేతిలో ఉండే ఒక్క విడతకి, దించారు. తాపీగా బంతిని నడిపించుకెళ్ళి టెరెన్స్ విలియమ్స్‌కి స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాస్ వేశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు, ఏప్రిల్‌కి కామెంటరీకి వెళ్ళిపోయాడు.

ఆ క్లిప్ గుంటూరులో ఉన్న అంకుల్‌కి పంపాను. అప్పటికి ఆయనకి టచ్‌డౌన్ అంటే ఏమిటో తెలుసు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు.

“బండి కండిషన్‌లోనే ఉందిగా. ఎందుకు పక్కన పెట్టారు?”

మీరే కదా అంకుల్ చెప్పారు, రూటు మీదున్న బస్సుని ఆపకూడదని, అన్నాను.

“నేను స్పేర్ గురించి చెప్పానయ్యా. పాత బస్సుని తీసెయ్యమని ఎప్పుడన్నాను?” అన్నారు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.